ఇంప్లాంట్ సర్ఫేస్‌కి ఎక్స్‌ట్రా 19 వేలు పెట్టొచ్చా? (చర్చ)

నిజాంపేట్ నివాసి:
అందరికీ నమస్తే. మా అమ్మకి కింద దవడలో కుడివైపు వెనక పన్ను తీసేశారు, ఇంప్లాంట్ (ఎముకలో బిగించే స్క్రూ, దాని మీద పన్ను పెడతారు) వేయించాలి. వయసు 61. షుగర్ ఉంది కానీ టాబ్లెట్లతో అదుపులోనే ఉంది, మొన్నటి రిపోర్టులో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 6.8 వచ్చింది. కేపీహెచ్‌బీలో ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే ఆయన రెండు డబ్బాలు టేబుల్ మీద పెట్టి రెండు రేట్లు చెప్పాడు. కంపెనీ ఒకటే, రెండూ టైటానియమే, సైజూ ఒకటే. ఒకటి ఇసుకలాంటి దానితో కొట్టి యాసిడ్‌లో ముంచి గరుకు చేసింది, పొడిగా ప్యాక్ అయి వస్తుంది. రెండోదానికీ అదే గరుకు, కాకపోతే చిన్న ట్యూబ్‌లో సెలైన్ నీళ్ళలో వస్తుంది, హైడ్రోఫిలిక్ (నీటిని పట్టేది) అంట, ఎముక సెల్స్ పరిగెత్తుకొచ్చి అతుక్కుంటాయంట, షుగర్ వాళ్ళకి ఇదే వెయ్యాలంట. తేడా 19 వేలు.

ఇక్కడ పళ్ళ డాక్టర్లూ మెటల్స్ వాళ్ళూ ఉన్నారని అడుగుతున్నా. ఈ 19 వేల తేడా ఎముక దగ్గర ఉందా, బిల్లులోనేనా? మొహమాటం లేకుండా కొట్టుకోండి, నేను చదువుకుంటా.

వాదులాట వెంకన్న:
బిల్లులోనే. అసలు టైటానియం ఎముకతో కలిసిపోతుందని కనిపెట్టిన స్వీడన్ ఆయన బ్రోనెమార్క్, 1965లో మొదటి పేషెంట్‌కి వేసిన స్క్రూలకి ఏ ట్రీట్‌మెంటూ లేదు, మెషీన్ మీద తిప్పినవి తిప్పినట్టే పెట్టాడు. ఆ పేషెంట్ 2006లో పోయేదాకా నోట్లోనే ఉన్నాయి అవి, నలభై ఏళ్ళు. మరి అప్పుడు ఇసుకెక్కడ, యాసిడ్ ఎక్కడ, సెలైన్ ఎక్కడ? మనకి అడ్వాన్స్‌డ్ అని ఒక ముక్క వినపడితే చాలు పర్సు తీసేస్తాం. రెండో డబ్బా మీద మార్జిన్ ఎంతని ఆ డాక్టర్‌ని అడగండి, నోటితో చెప్పకపోయినా మొహం చెప్పేస్తుంది.

దంతం డాక్టర్:
వెంకన్న గారూ ఆ నలభై ఏళ్ళ కథ నేను కూడా పేషెంట్లకి చెప్తుంటా, కానీ సగం చెప్పి ఆపితే ఎట్లా అండీ. ఆ కాలంలో స్క్రూ వేసి చిగురు కుట్టేసి కింద దవడకి మూడు నెలలు, పై దవడకి ఆరు నెలలు ముట్టుకోకుండా వదిలేసేవారు. అది కూడా ఎక్కువగా కింద దవడ ముందు భాగంలో, అక్కడ ఎముక గట్టిగా ఉంటుంది, ఏది వేసినా దాదాపు పట్టేస్తుంది. అదే నున్నటి స్క్రూ పై దవడ వెనకాల, మెత్తటి ఎముకలో, పొట్టి సైజులో వేస్తే ఊడిపోవడాలు ఎక్కువయ్యాయి. గరుకు సర్ఫేస్‌లు వచ్చిందే అందుకు. 1991లో స్విట్జర్లాండ్ వాళ్ళు పందుల ఎముకల్లో రకరకాల సర్ఫేస్‌లు పక్కపక్కన పెట్టి చూస్తే బ్లాస్ట్ చేసి యాసిడ్ పెట్టిన దానికీ, హైడ్రాక్సీఅపటైట్ (ఎముక ఖనిజం లాంటిది) పూత ఉన్నదానికీ ఎముక ఎక్కువ అంటుకుంది. ఆ యాసిడ్ రకం మార్కెట్‌లోకి వచ్చాక పన్నెండు వారాలు ఆగాల్సిన చోట మామూలు ఎముకలో ఆరు వారాలకే పన్ను బిగించే పరిస్థితి వచ్చింది.

అంటే సర్ఫేస్ మొత్తం మోసం అంటే నేనొప్పుకోను. నున్నటి దాని నుంచి గరుకుకి వెళ్ళడం నిజంగా పెద్ద మార్పు. గరుకు నుంచి "నీళ్ళలో ఉన్న గరుకు"కి వెళ్ళడం అంత పెద్దదా అనేది వేరే ప్రశ్న, అడిగింది కూడా అదే.

బాలానగర్ లేత్:
గింత పెద్ద ముచ్చట ఎందుకన్నా, గోడకి గాట్లు కొట్టకుండ ప్లాస్టర్ వేస్తే నిలుస్తదా? పెచ్చులు పెచ్చులు ఊడ్తది. గరుకు ఉంటేనే పట్టు. గంతే. ఇగ గా నీళ్ళ డబ్బా గురించి నాకు తెల్వదు గని బ్లాస్టింగ్ మాత్రం మా షాపుల రోజూ జూస్తా.

నానో పిల్ల:
లేత్ అన్నా, ఆ ప్లాస్టర్ పోలిక సగం దాకే నడుస్తుంది. పట్టు కోసం గాట్లు అనేది కరెక్టే, గరుకులోకి ఎముక పెరిగితే తిప్పి తీయడానికి ఎక్కువ బలం కావాలి. కానీ అదొక్కటే అయితే ఎంత గరుకుంటే అంత మంచిది అవ్వాలి కదా? అవ్వలేదు. ప్లాస్మా స్ప్రే చేసి టైటానియం బుడిపెలు పోసిన సర్ఫేస్‌లు ఒకప్పుడు బాగా వాడారు, మస్తు గరుకు, ఎముక కూడా పట్టింది, కానీ తర్వాత చిగురు కిందికి దిగి గరుకు బయటపడితే బాక్టీరియాకి అది పండగే. అందుకే ఇప్పుడు ఎక్కువమంది మధ్యస్థం అనే రేంజ్‌లో ఉంటారు, సగటు ఎత్తుపల్లం 1 నుంచి 2 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). అర మైక్రాన్ కంటే తక్కువైతే నున్నన, రెండు దాటితే మరీ గరుకు అని లెక్క.

ఇంకోటి, ఆ క్లినిక్ ఆయన "సెల్స్ పరిగెత్తుకొచ్చి అతుక్కుంటాయి" అన్నాడు చూడండి, నాకు అక్కడే కాలింది. సెల్ ఎప్పుడూ మెటల్‌ని ముట్టుకోదు. టైటానియం గాలి తగలగానే పైన కొన్ని నానోమీటర్ల మందంలో ఆక్సైడ్ పొర కట్టేస్తుంది, తుప్పు పట్టకుండా కాపాడేది అదే. దాన్ని డ్రిల్ చేసిన రంధ్రంలో పెట్టగానే ముందు రక్తం తగులుతుంది. సెకన్లలోనే రక్తంలో ప్రొటీన్లు ఆ ఆక్సైడ్ మీద పరుచుకుంటాయి, ఫైబ్రోనెక్టిన్, విట్రోనెక్టిన్ లాంటివి. తర్వాత ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డ, ఆ గడ్డ దారాల మీద నడుచుకుంటూ ఎముక సెల్స్ అయ్యేవి వస్తాయి, వచ్చి వాటి ఇంటెగ్రిన్లతో (సెల్ పైన కొక్కేల్లాంటివి) ఆ ప్రొటీన్లని పట్టుకుంటాయి. అంటే సర్ఫేస్ ట్రీట్‌మెంట్ అనేది నేరుగా సెల్‌ని కాదు, ఏ ప్రొటీన్ ఎంత వస్తుంది, ఏ వైపు తిరిగి కూర్చుంటుంది, గడ్డ సర్ఫేస్‌ని వదిలి వెనక్కి లాక్కుంటుందా లేక పట్టుకునే ఉంటుందా అన్నది మారుస్తుంది. ప్లాస్టర్‌కి ఈ గోల లేదు.

వాదులాట వెంకన్న:
అమ్మా, సైన్స్ బాగుంది, కానీ 19 వేలు ఎక్కడ?

నానో పిల్ల:
వస్తున్నా అంకుల్. మామూలు సాండ్‌బ్లాస్ట్ యాసిడ్ ఇంప్లాంట్‌ని గాల్లో ఆరబెట్టి ప్యాక్ చేస్తే, గాల్లో ఎప్పుడూ ఉండే కార్బన్ కాంపౌండ్లు ఆ ఆక్సైడ్ మీద సన్నగా పేరుకుంటాయి. స్టెరైల్‌గానే ఉంటుంది, మురికి అనుకోకండి, కానీ నీటి చుక్క వేస్తే పరుచుకోదు, గుండ్రంగా నిలబడుతుంది. రెండో రకాన్ని యాసిడ్ అయ్యాక నైట్రోజన్ కింద కడిగి గాలి తగలనీయకుండా సెలైన్‌లో పెట్టేస్తారు, 2005 నుంచి అమ్ముతున్నారు ఇది. దాని మీద చుక్క వేస్తే క్షణంలో మొత్తం పాకిపోతుంది. మా ల్యాబ్‌లో ఇట్లాంటి శాంపిళ్ళ మీద మైక్రోలీటర్ చుక్క వేసి పక్కనుంచి కెమెరాలో చూస్తాం, ఒకదాని మీద ముత్యం నిలబడినట్టే ఉంటుంది, పక్కదాని మీద చుక్క ఎక్కడ పడిందో వెతుక్కోవాలి. రెండింటినీ కళ్ళతో చూస్తే మాత్రం ఒకే బూడిద రంగు.

దంతం డాక్టర్:
చుక్క సంగతి సరే, మనిషిలో ఏమైందో నేను చెప్తా, ఎందుకంటే దీని మీద మనుషుల్లోనే చేసిన మంచి పని ఒకటుంది, 2011లో వచ్చింది. వాలంటీర్లకి చిన్న చిన్న ఇంప్లాంట్లు వేసి, కొన్ని రోజుల తర్వాత చుట్టూ ఉన్న ఎముకతో సహా తీసి మైక్రోస్కోప్ కింద కోసి చూశారు. 14 రోజులకి ఎముక అంటుకున్న భాగం నీళ్ళ రకానికి దాదాపు 15 శాతం, పొడి రకానికి 12. 28 రోజులకి 48కి 32. 42 రోజులకి? రెండింటికీ దాదాపు 62.

వాదులాట వెంకన్న:
డాక్టర్ గారూ మీ నోట్లో పంచదార పొయ్య! నా కేసు మీరే గెలిపించారు. ఆరు వారాలకి సమానం. మరి ఆరు వారాల్లో సమానమయ్యేదానికి 19 వేలు ఎందుకండీ కట్టడం?

దంతం డాక్టర్:
ఆ నాలుగో వారం దగ్గరే ఉంది అసలు సంగతి. ఇంప్లాంట్ బిగించినప్పుడు మొదట పట్టు పాత ఎముక బిగుతు వల్ల వస్తుంది. తర్వాత ఆ నొక్కుడు పడిన ఎముక కరగడం మొదలవుతుంది, కొత్తది ఇంకా రాలేదు, రెండో వారం నుంచి నాలుగో వారం మధ్యలో ఒక లోయ వస్తుంది, పట్టు అన్నిటికంటే తక్కువ ఉండేది అప్పుడే. ఆ టైమ్‌లో దాని మీద పన్ను పెట్టి నమిలించే ప్లాన్ ఉంటే 48కీ 32కీ తేడా నాకు కావాలి. మెత్తటి ఎముక అయినా, బిగించినప్పుడు 35 న్యూటన్ సెంటీమీటర్ల టార్క్ (తిప్పే బిగువు) రాకపోయినా కావాలి. ప్లాన్‌లో మూడు నెలలు ఆగడమే ఉంటే, నిజం చెప్తున్నా, నా సొంత అమ్మకైనా పొడి రకమే వేస్తా.

దిల్‌సుఖ్‌నగర్ అక్క:
మీరందరూ కంపెనీ డబ్బా గురించే కొట్టుకుంటున్నారు, చేసే చెయ్యి గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి. మా నాన్నకి ఒక చోట వేయించాం (పేరు రాయను), రెండో నెలలోనే కదిలి చేతికొచ్చింది. అడిగితే "అది బేసిక్ సర్ఫేస్ అమ్మా, ప్రీమియం సర్ఫేస్ అయితే పట్టేది, ఈసారి అది వేద్దాం" అన్నారు, మళ్ళీ డబ్బులు కట్టమని. నాన్న రోజుకి ఒక పెట్టె సిగరెట్ తాగుతాడు, ముందు ఎవరూ అది అడగను కూడా అడగలేదు. ఇంకో డాక్టర్‌ దగ్గరికి పోతే ఎక్స్‌రే చూసి, డ్రిల్ చేసేటప్పుడు ఎముక వేడెక్కి కాలి ఉండొచ్చు అన్నారు. ఎముక కూడా కాలుతుందని నాకు అప్పుడే తెలిసింది. ఆయనకి వేసిందీ గరుకు రకమే, నున్నటిది కాదు. సర్ఫేస్ ఏం పాపం చేసింది?

దంతం డాక్టర్:
అక్కా, ఆయన అన్నది కరెక్టే అవ్వొచ్చు. ఎముక 47 డిగ్రీల దగ్గర ఒక్క నిమిషం ఉన్నా దెబ్బతింటుందని 1983లోనే కుందేళ్ళలో చూపించారు. 47 అంటే చెయ్యి పెడితే చురుక్కుమనేంత, అంతకంటే ఎక్కువేం కాదు. డ్రిల్ మొద్దుబారినా, సెలైన్ సరిగ్గా పడకపోయినా, గట్టి ఎముకలో ఆగకుండా నొక్కి తోసినా ఆ వేడి ఇట్టే వచ్చేస్తుంది. కాలిన ఎముకకి ఏ సర్ఫేస్ పెట్టినా ఉపయోగం లేదు. సిగరెట్ విషయం మొదటి రోజే అడగాలి, అడక్కపోవడం మాత్రం తప్పే, మా వాళ్ళని వెనకేసుకు రాను.

బాలానగర్ లేత్:
అక్క చెప్పింది నాకు నచ్చింది. నేను ఇంకోటి చెప్తా, జర ఇనుండ్రి. మా తాన సీఎన్‌సీల (కంప్యూటర్‌తో నడిచే లేత్) టైటానియం తిప్పుతం, మెడికల్ జాబ్ వర్క్ కూడ వచ్చింది ఒకప్పుడు. స్క్రూ తిప్పుడు పెద్ద ముచ్చటే కాదు. కటింగ్ స్పీడ్ తక్కువ పెట్టాలె, కూలెంట్ మంచిగ కొట్టాలె, లేకుంటే పొట్టుకు నిప్పంటుకుంటది, టైటానియం పొట్టు మండుడు మొదలైతే నీళ్ళు పోయొద్దు, ఇసుకనే పొయ్యాలె. మెటల్ కూడ ఏడికెల్లో రానక్కర లేదు, కంచన్‌బాగ్‌ల సర్కారు మెటల్ కంపెనీ మిధానీ ఉన్నది, టైటానియం కరిగించి కడ్డీలు చేస్తరు, ఇంప్లాంట్లు కూడ చేస్తరు. కష్టం ఏడుందంటే తిప్పినంక. బ్లాస్టింగ్‌కి అల్యూమినా గ్రిట్ వాడ్తరు కదా, గా గింజలు టైటానియంల గుచ్చుకుని ఉండిపోతయ్. టైటానియం మెత్తగ ఉంటది, లోపల ఇరుక్కుంటే ఊది పారేస్తే పోదు. యాసిడ్ పెట్టేది గరుకు కోసమే అనుకుంటరు గని గా గింజలు తీసుడు కూడ దాని పనే. ఆయిల్ మరక ఒక్కటి ఉన్నా యాసిడ్ గాడ పట్టది, మచ్చ పడ్తది. డబ్బా మీద పేరు జూసి కొనకుండ్రి, లోపల కడిగినోడు ఎవడో అడుగుండ్రి.

నానో పిల్ల:
ఈ మాట ఎవరన్నా అంటారా అనే చూస్తున్నా, థాంక్యూ అన్నా. ఆ గ్రిట్ సాధారణంగా 250 నుంచి 500 మైక్రాన్ల సైజు కొరండం (అల్యూమినానే), అది పెద్ద గుంటలు చేస్తుంది, తర్వాత వేడి హైడ్రోక్లోరిక్, సల్ఫ్యూరిక్ యాసిడ్ల మిక్స్ ఆ గుంటల్లోపల రెండు నాలుగు మైక్రాన్ల చిన్న గుంటలు చేస్తుంది. యాసిడ్ టెంపరేచర్ కాస్త మారినా, టైమ్ కాస్త మారినా సర్ఫేస్ మారిపోతుంది. "శాండ్‌బ్లాస్టెడ్ యాసిడ్ ఎచ్డ్" అని పదిమంది రాస్తారు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో పెడితే పది రకాలుగా ఉంటాయి. కొందరు ఈ అల్యూమినా గొడవే వద్దని కాల్షియం ఫాస్ఫేట్ గింజలతో కొడతారు, ఇరుక్కున్నా యాసిడ్‌లో కరిగిపోతాయి. కొందరు టైటానియం ఆక్సైడ్ గింజలతోనే కొడతారు.

నా లెక్కలో పొడి/తడి తేడా కంటే ఇదే పెద్దది. మంచి కంపెనీ పొడి రకం, ఏదో ఒక కంపెనీ తడి రకం పక్కపక్కన పెడితే నేను మొదటిదే తీసుకుంటా.

వాదులాట వెంకన్న:
అయితే నువ్వు కూడా నా వైపే, ల్యాబ్ కోటు వేసుకుని చెప్తున్నావంతే.

నానో పిల్ల:
కాదు అంకుల్, మీరు సర్ఫేస్ వేస్ట్ అంటున్నారు, నేను సర్ఫేస్ చాలా ముఖ్యం కాబట్టే పేరు చూసి మోసపోవద్దు అంటున్నా. మీ లెక్కలో అన్నీ ఒకటే. నా లెక్కలో అస్సలు ఒకటి కావు.

ఇంకో సంగతి, ఆ పొడి రకం కూడా పాతబడుతుంది. 2009లో లాస్ ఏంజెలెస్ గ్రూప్ ఒకటి, తయారైన కొత్తలో ఉన్న టైటానియం, వారాల తరబడి నిల్వ ఉన్న టైటానియం పోల్చి, పాతదాన్ని యూవీ లైట్ కింద పెడితే కార్బన్ పోయి మళ్ళీ నీటిని పట్టే గుణం వస్తుందని చూపించింది. ఎలుకల తొడ ఎముకల్లో అంటుకున్న ఎముక 55 శాతం నుంచి 98 శాతానికి పెరిగింది. అంటే క్లినిక్‌లో యూవీ బాక్స్ ఒకటి పెట్టుకుంటే పొడి ఇంప్లాంట్‌నే అప్పటికప్పుడు తడి రకంలా చేసుకోవచ్చు అని వాదన. 19 వేలు కాదు, లైట్ బిల్లు.

దంతం డాక్టర్:
ఎలుకల్లో 98, అమ్మా. ఎలుకలో ఏది వేసినా తొందరగా పడుతుంది. మనుషుల్లో దీర్ఘకాలం చూసి, యూవీ పెట్టని గ్రూప్‌తో సరిగ్గా పోల్చిన పెద్ద ట్రయల్ చూపించు, అప్పుడు బాక్స్ కొంటా. అప్పటిదాకా అదొక కొత్త సేల్స్‌మన్.

నానో పిల్ల:
మీరు కొనేవాటన్నిటికీ పెద్ద ట్రయల్ అడిగారా సార్, ఊరికే అడుగుతున్నా 🙂

మీరన్నట్టు ల్యాబ్ రిజల్టుని నేరుగా నోట్లోకి తేలేం, అది నాకూ తెలుసు. మేం సెల్స్ పెంచి చూస్తే గరుకు టైటానియం మీద నున్నటి దానికంటే సెల్స్ తక్కువ సంఖ్యలో పెరుగుతాయి, ఆ ఒక్క గ్రాఫ్ చూస్తే గరుకు దండగ అనిపిస్తుంది. కానీ అవే సెల్స్ ఎముక తయారుచేసే పని ఎక్కువ చేస్తాయి. ఎన్ని అతుక్కున్నాయి అనేది ఒక్కటే కొలిస్తే తప్పుదారి పడతాం. నానోట్యూబుల్లో అయితే ఇంకా గొడవ. టైటానియంని ఫ్లోరైడ్ ద్రావణంలో కరెంటిచ్చి ఆనోడైజ్ చేస్తే పైన సన్నటి గొట్టాలు లేస్తాయి. 2007లో జర్మనీ వాళ్ళు 15 నానోమీటర్ల గొట్టం బెస్ట్, 100 దగ్గర సెల్స్ చచ్చిపోతున్నాయి అన్నారు. 2009లో కాలిఫోర్నియా వాళ్ళు 30 దగ్గర బాగా అతుక్కుంటాయి, కానీ ఎముక సెల్స్‌గా మారేది 70 నుంచి 100 దగ్గర అన్నారు. మా గైడ్ ముందు ఈ రెండు పేపర్ల పేరెత్తితే ఆ రోజు మీటింగ్ లంచ్ దాకా నడుస్తుంది.

నిజాంపేట్ నివాసి:
చాలా నేర్చుకుంటున్నా. కానీ నా షుగర్ ప్రశ్నకి ఎవరూ ఆన్సర్ చెప్పలేదు. షుగర్ వాళ్ళకి తడి రకమే వెయ్యాలి అన్న మాట కరెక్టేనా?

దంతం డాక్టర్:
షుగర్ అదుపులో లేని టైప్ 2 పేషెంట్లలోనే ఈ రెండు సర్ఫేస్‌లు పక్కపక్కన వేసి చూసిన ట్రయల్ ఒకటి 2013లో వచ్చింది. చిన్నదే. రెండింటి స్టెబిలిటీలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, రెండూ బాగానే పట్టాయి. మీ అమ్మగారిది 6.8, వాళ్ళకంటే చాలా నయం. "షుగర్ కాబట్టి ఇదే వెయ్యాలి" అనడానికి నాకు ఆధారం కనపడలేదు. షుగర్ వాళ్ళకి నేను భయపడేది మొదటి నెల గురించి కాదు, ఐదో ఏడు గురించి. చిగురు వాపు, క్లీనింగ్‌కి రాకపోవడం, ఇంప్లాంట్ చుట్టూ ఎముక మెల్లగా తినేయడం. ఇక్కడ గరుకు మనకి ఎదురు తిరుగుతుంది. కుక్కల్లో దారం కట్టి కావాలని ఇన్ఫెక్షన్ తెప్పించి, తర్వాత దారం తీసేసి చూసిన ప్రయోగాల్లో పాలిష్ చేసిన దానికంటే గరుకు వాటి చుట్టూ ఎముక పోవడం ఎక్కువ సాగింది. అందుకే కొందరు పైన చిగురు దగ్గర నున్నగా, కింద ఎముకలో గరుకుగా ఉండే రకం ఇష్టపడతారు. నేనూ ఆ బ్యాచే.

వాదులాట వెంకన్న:
చూశారా, షుగర్ పేరు చెప్పి 19 వేలు అడిగినాయన ఈ ఐదో ఏడు గురించి చెప్పాడా? చెప్పడు. అసలు రోగం ఎక్కడుందంటే, మోకాలి ఇంప్లాంట్‌కి 2017 ఆగస్టులో ప్రభుత్వం రేటుకి సీలింగ్ పెట్టింది. కోబాల్ట్ క్రోమియం సెట్ 54,720, టైటానియం లాంటి స్పెషల్ మెటల్‌ది 76,600, జీఎస్టీ అదనం. అంతకుముందు ఎవడి నోటికొచ్చింది వాడు వేసేవాడు. పళ్ళ ఇంప్లాంట్‌కి అట్లాంటి సీలింగ్ లేదు, అందుకే సెలైన్ చుక్కకి కూడా రేటు కట్టగలుగుతున్నారు. అమీర్‌పేట్‌లో ఒక రేటు, జూబ్లీహిల్స్‌లో ఇంకో రేటు, డబ్బా అదే.

బాలానగర్ లేత్:
అన్నా, నైట్రోజన్ కింద కడుగుడు, గాలి తగలకుండ సీల్ చేసుడు ఊకెనే కాదు. ఖర్చు ఉంటది. 19 వేలా అంటే నేను చెప్పలేను గని సున్నా మాత్రం కాదు.

దిల్‌సుఖ్‌నగర్ అక్క:
డాక్టర్ గారూ, ఒక డౌట్. మా అత్తగారికి తుంటి మార్చాలి అంటున్నారు, సిమెంట్ లేనిది, పైన ఎముక లాంటి పూత ఉన్నది వేస్తాం అన్నారు. అది కూడా ఇట్లాంటి కథేనా?

దంతం డాక్టర్:
తుంటి నా పని కాదు అక్కా, నిమ్స్‌లోనో ఇంకెక్కడో ఎముకల డాక్టర్‌ని అడగండి. ఆ పూత హైడ్రాక్సీఅపటైట్, ఎముకలో ఉండే ఖనిజం లాంటిదే, 1980ల మధ్య నుంచి తుంటి కాడల మీద వాడుతున్నారు, అక్కడ మంచి పేరే ఉంది. పళ్ళలో మాత్రం పాత మందపాటి పూతలు కరగడం, పొరలుగా ఊడటం చూసి చాలామంది వదిలేశారు. తొడ ఎముక లోపల నోటి బాక్టీరియా ఉండదు కదా, అక్కడి లెక్క వేరు.

నిజాంపేట్ నివాసి:
అప్‌డేట్. ఇవాళ సాయంత్రం క్లినిక్‌కి ఫోన్ చేసి ఒక్కటే అడిగా, "తడి రకం వేస్తే పన్ను ఎప్పుడు బిగిస్తారు, పొడి రకం వేస్తే ఎప్పుడు" అని. రెండింటికీ మూడు నెలలే అన్నాడు. "మరి తొందరగా పట్టేది దేనికండీ" అంటే కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "సేఫ్టీ కోసం" అన్నాడు.

వాదులాట వెంకన్న:
🤣🤣 సేఫ్టీ! ఫోన్ పెట్టేయండి, డబ్బులు బ్యాంకులో పెట్టండి.

నానో పిల్ల:
మూడు నెలలు ఆగేదైతే నేను కూడా పొడి రకానికే ఓటు. కానీ డబ్బా స్టిక్కర్ అడిగి తీసుకోండి, లాట్ నంబర్ ఉంటుంది దాని మీద. ఇంప్లాంట్ ప్యాక్‌లోనే రెండు మూడు స్టిక్కర్లు వస్తాయి, ఒకటి పేషెంట్‌ ఫైల్‌కి. పదేళ్ళ తర్వాత పైన పన్ను వదులైతే ఏ కంపెనీ స్క్రూ డ్రైవర్ పడుతుందో కూడా దాన్ని చూసే చెప్పాలి.

దంతం డాక్టర్:
ఈ కేసుకి అదే సరి. కానీ పాలసీగా తడి రకం ఎప్పుడూ వద్దు అనే వెంకన్న గారి మాటకి నేను సంతకం పెట్టను. పై దవడ వెనకాల, సైనస్ లిఫ్ట్ (పైనున్న సైనస్ పొరని ఎత్తి ఎముకకి చోటు చెయ్యడం) చేసి, ఎముక మెత్తగా ఉన్న చోట నేను ఇప్పటికీ అదే వేస్తా, పేషెంట్‌కి ఎందుకో చెప్పి వేస్తా.

నివాసి గారూ, వయసు 61 అన్నారు కాబట్టి ఒకటి అడుగుతున్నా. అమ్మగారు ఎముకల అరుగుదలకి ఏమైనా వాడుతున్నారా? వారానికోసారి వేసుకునే టాబ్లెట్, లేదా ఇంజక్షన్?

నిజాంపేట్ నివాసి:
టాబ్లెట్ లేదండి. బోన్ డెన్సిటీ తక్కువుందని ఏడాదికోసారి సెలైన్‌లో ఒక ఇంజక్షన్ ఇస్తారు, జోలెడ్రోనిక్ యాసిడ్ అని ఉంది కాగితంలో. ఈ మార్చిలో కూడా అయింది. క్లినిక్‌లో షుగర్, బీపీ మాత్రమే అడిగారు, ఇది ఎవరూ అడగలేదు.

దంతం డాక్టర్:
అయితే ఇంప్లాంట్ డేట్ ఇంకా ఖాయం చెయ్యకండి. కంగారు పడొద్దు, అరుగుదలకి ఇచ్చే డోసులో దవడ ఎముక చచ్చుబడే రిస్క్ తక్కువే, క్యాన్సర్‌కి ఇచ్చే డోసులంత కాదు, ఇంప్లాంట్ అస్సలు కుదరదని కూడా అనట్లేదు. ఇంజక్షన్ మీ అంతట మీరు ఆపేయొద్దు. కానీ దవడలో డ్రిల్ పెట్టే డాక్టర్‌కి అది ముందే తెలియాలి, ఆ ఇంజక్షన్ రాసిన డాక్టర్‌తో మాట్లాడాలి, ఎన్నేళ్ళుగా తీసుకుంటున్నారు, స్టెరాయిడ్లు ఏమైనా వాడారా, పన్ను తీసిన చోట పూర్తిగా మానిందా అన్నీ చూడాలి. బ్రిడ్జితో (పక్క పళ్ళని ఆధారం చేసుకుని పెట్టే పన్ను) సరిపోతుందేమో కూడా అడగండి.

నిజాంపేట్ నివాసి:
సరే అండి. ఇంజక్షన్ కాగితాలన్నీ అమ్మ బీరువాలోనే ఉన్నాయి, శనివారం ఆ ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్ళి అక్కడి నుంచే క్లినిక్‌కి వెళ్తాం. ఆయనేం అన్నాడో ఇక్కడే రాస్తా.

వాదులాట వెంకన్న:
రాయండి. బ్రిడ్జికి ఎంత అడిగారో కూడా రాయండి.